తెలిసిన ఊరే కదా: ఇథియోపియాకి తిరిగి వెళ్లిన ఒక మాస్టారి కేసు

నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. కొన్నేళ్లుగా నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లే. వీడియో కాల్‌లో మాట్లాడుకుంటాం. కొత్త దేశానికి వెళ్లి అక్కడ సర్దుకోలేకపోయినవాళ్లని చూశాను. ఏళ్ల తర్వాత సొంతూరికి వచ్చి ఇక్కడ ఇమడలేకపోయినవాళ్లనీ చూశాను. ఈ కేసు ఆ రెండు రకాల్లోనూ పడదు. ఏడేళ్లు ఉండి, ఇష్టపడి, వదిలి వచ్చిన దేశానికే మళ్లీ పాఠాలు చెప్పడానికి వెళ్లిన మనిషి సంగతి ఇది. ఇందులో నేను రెండుసార్లు తప్పు సలహా ఇచ్చాను. ఆ తప్పులు ఎక్కడ జరిగాయో చెబితే తోటి కౌన్సెలర్లకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను: వయసు, సబ్జెక్టు, ఊరు, ఇంటి సంగతులు. ఆ దేశంలో వచ్చిన మార్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. అవి లేకపోతే కేసు అర్థం కాదు. రాసినదంతా ఆయనకి చదివి వినిపించాను. ఆయన వద్దన్న రెండు విషయాలు తీసేశాను. ఇక్కడ ఆయన్ని మాస్టారు అంటాను. నేను పిలిచేదీ అలాగే.

నేపథ్యం

2000 తర్వాత ఇథియోపియా ప్రభుత్వం వరసగా కొత్త విశ్వవిద్యాలయాలు తెరిచింది. పాఠాలు చెప్పేవాళ్లు చాలక మన దేశం నుంచి లెక్చరర్లని తీసుకుంది. జిమ్మా, హవాసా, అర్బా మింఛ్, గోండర్, మెకెలె, ఇలా ఎన్నో క్యాంపస్‌లలో మన వాళ్లు పనిచేశారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామందే. అంతకు చాలా ముందు, హైలే సెలాసీ చక్రవర్తి కాలంలోనే మన దేశం నుంచి, ముఖ్యంగా కేరళ నుంచి, బడి పంతుళ్లు వెళ్లారు. అందుకని భారతీయుడు కనిపిస్తే "నాకు చిన్నప్పుడు లెక్కలు చెప్పింది మీ దేశం ఆయనే" అనే పెద్దవాళ్లు అక్కడ ఉంటారట. మాస్టారు ఈ మాట నాకు మూడు నాలుగుసార్లు చెప్పారు. అది ఆయనకి ఎంత విలువైన మాటో మొదట్లో నేను పట్టించుకోలేదు.

ఆయన మొదటిసారి వెళ్లింది 2009లో. అప్పటికి నలభై లోపు. భార్య, కూతురు కూడా నాలుగేళ్లు అక్కడే ఉన్నారు. తర్వాత పాప చదువు కోసం వాళ్లు వచ్చేశారు. బజారులో బేరమాడేంత అమ్హారిక్, అంటే అక్కడి భాష, ఆయనకి వచ్చింది. శాకాహారి అయినా తిండికి ఇబ్బంది పడలేదు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆ రోజుల్లో హోటల్‌కి వెళ్లి ఉపవాస భోజనం అడిగితే ఇంజెరా (టెఫ్ అనే ధాన్యపు పిండితో వేసే పుల్లటి అట్టు) మీద పప్పు, ఆకుకూర, మిరపకారం వేసిన షిరో అనే పిండి కూర పెడతారు. "మన పప్పన్నం కన్నా నాకు అదే నచ్చేది" అన్నారు.

2016లో కాంట్రాక్టు ముగిసి వచ్చేశారు. ఇక్కడ ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో చేరారు. జీతం మూడు నాలుగు నెలలకోసారి. అడ్మిషన్ల సీజన్‌లో లెక్చరర్లు ఊళ్లు తిరిగి పిల్లల్ని చేర్పించాలి. అక్కడ క్లాసులోకి రాగానే అందరూ లేచి నిలబడిన మనిషి, ఇక్కడ ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల గుమ్మాల ముందు బ్రోచర్లు పట్టుకుని నిలబడ్డారు. ఏడేళ్లు అలా గడిచాయి. 2023లో పాత విశ్వవిద్యాలయం నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. అత్తగారు మంచాన ఉండటంతో భార్య వెళ్లలేకపోయారు. పాప ఉద్యోగంలో చేరింది. అక్టోబరులో మాస్టారు ఒక్కరే బయల్దేరారు.

వచ్చిన సమస్య

2024 జనవరిలో టింకట్ పండగ సెలవుల తర్వాత నాకు ఫోన్ చేశారు. మొదటి సెషన్‌లో ఆయన అన్న మాట నోట్సులో అలాగే రాసుకున్నాను. "అమ్మా, కొత్త దేశమైతే సర్దుకోవాలి. ఇది నాకు తెలిసిన ఊరే కదా. మరి నాకేమైంది?"

తెల్లవారుజామున మూడింటి దాకా నిద్ర పట్టడం లేదు. చిన్నదానికీ కోపం. ఆదివారం పొద్దస్తమానం గదిలోనే ఉంటున్నారు. వచ్చిన మూడు నెలల్లో జరిగిన రెండు సంఘటనలు చెప్పారు. ఆయన దృష్టిలో రెంటికీ సంబంధం లేదు.

మొదటిది వచ్చిన రెండో వారంలో. అక్కడ రోజు మన ఉదయం ఆరింటికి మొదలవుతుంది. మన ఏడు వాళ్లకి ఒకటి, మన తొమ్మిది వాళ్లకి మూడు. డిపార్ట్‌మెంట్ మీటింగ్ మూడింటికని అమ్హారిక్‌లో చెప్పారు. ఈయన మధ్యాహ్నం మూడింటికి వెళ్లారు. గది తాళం వేసి ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. కానీ మొదటి విడతలో కొత్తగా వచ్చిన తెలుగువాళ్లందరికీ ఈ ఆరు గంటల లెక్క నేర్పింది ఈయనే. "నేనే మర్చిపోయానా అని ఆ రోజంతా సిగ్గుపడ్డాను" అన్నారు.

రెండోది డిసెంబరులో. బోర్డు దగ్గరికి పిలిచిన ఒక అబ్బాయి చిన్న సూత్రాన్ని అటూ ఇటూ మార్చి రాయలేకపోయాడు. మాస్టారు చాక్‌పీసు బల్ల మీద కొట్టి, "నువ్వసలు ఇక్కడి దాకా ఎలా వచ్చావు?" అని అరిచారు. అబ్బాయి ఏమీ అనకుండా వెళ్లి కూర్చున్నాడు. ఆ అబ్బాయి ఉత్తరం నుంచి వచ్చాడనీ, యుద్ధంలో ఇల్లు వదిలి వచ్చిన కుటుంబమనీ, రెండేళ్లు బడే లేదనీ క్లాసు అయ్యాక ఇంకో అమ్మాయి వచ్చి చెప్పింది. నిద్ర పట్టకపోవడం మొదలైంది ఆ రాత్రి నుంచే. ఈ సంగతి నాకు మూడో సెషన్‌లో గానీ తెలియలేదు. మొదట "క్లాసులో కొంచెం గట్టిగా మాట్లాడాను" అని మాత్రమే అన్నారు.

నేను ముందు చూసుకున్నవి

డిప్రెషన్ ఉందేమో తేల్చుకోవాలి. పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళిలో 27కి 11 వచ్చింది, అంటే మధ్యస్థం. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు ఉన్నాయా అని సూటిగా అడిగాను. లేవన్నారు. తర్వాతి సెషన్లలోనూ అడుగుతూనే వచ్చాను. బీపీ, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోమన్నాను. బీపీ కొంచెం ఎక్కువుంది, అక్కడి డాక్టరు మందు రాశారు. ఎత్తైన ప్రాంతం కాబట్టి మొదటి వారాల్లో నిద్ర చెడటం మామూలే గానీ, మూడో నెలలో మొదలైన దాన్ని ఎత్తు మీదకి నెట్టలేం.

ఆ తర్వాత ఆలోచించాల్సింది ఆయన అడిగిన ప్రశ్న గురించే. 1960లో కాలెర్వో ఓబర్గ్ అనే మానవ శాస్త్రవేత్త కొత్త సంస్కృతిలో పడే తడబాటుని దశలుగా వివరించారు. 1963లో గల్లాహార్న్ దంపతులు ఇంటికి తిరిగొచ్చాక కూడా అదే ఎగుడుదిగుడు మళ్లీ వస్తుందని చెప్పి, మొదట ఉత్సాహం, తర్వాత దిగులు, మెల్లగా కోలుకోవడం చూపే 'యూ' ఆకారపు గీతని 'డబ్ల్యూ'గా మార్చారు. ఆ గీత ఇంటి దగ్గర ఆగిపోతుంది. మళ్లీ అదే పరాయి దేశానికి వెళ్లినవాడి సంగతి అందులో లేదు. నేనూ ఆ గీతనే మనసులో పెట్టుకుని చూశాను. కాబట్టి ఆయనకి ఆ దేశంతో ఇబ్బంది లేదనీ, ఉన్నది భార్యకి దూరం కావడమూ ఒంటరితనమూ నిద్ర అలవాట్లేననీ తేల్చేశాను. ఆయన "తెలిసిన ఊరే" అన్నారు. నేను ఆ మాట నమ్మేశాను.

మొదటి ప్రయత్నం: కాఫీ మానిపించడం

రోజు ఎలా గడుస్తోందో రాయమన్నాను. రోజుకి ఆరేడు చిన్న కప్పుల కాఫీ, చివరిది సాయంత్రం ఆరు దాటాక. యాభై దాటిన మనిషికి, నిద్ర పట్టనివాడికి ఇది ఎక్కువే. మధ్యాహ్నం పన్నెండు తర్వాత కాఫీ వద్దన్నాను. పుస్తకం ప్రకారం అందులో తప్పేమీ లేదు.

మాస్టారు క్రమశిక్షణ గల మనిషి, అక్షరాలా పాటించారు. రెండు వారాల తర్వాత నిద్ర అరగంట పెరిగింది. కానీ పీహెచ్‌క్యూ 13కి చేరింది. ఏం మారిందని అడిగితే, "ఏమీ లేదమ్మా. ఎవరూ పిలవడం లేదు, అంతే" అన్నారు.

అప్పుడు గానీ అక్కడ కాఫీ అంటే ఏమిటో నేను అడగలేదు. పచ్చి గింజల్ని అప్పటికప్పుడు పెనం మీద వేయించి, ఆ పొగని అందరి ముందుకీ తెస్తారు. దంచి, జెబెనా అనే నల్లమట్టి కూజాలో కాచి, చెవి లేని చిన్న కప్పుల్లో పోస్తారు. నేల మీద పచ్చగడ్డి పరుస్తారు, సాంబ్రాణి వేస్తారు, తినడానికి పేలాలు పెడతారు. అదే పొడి మీద మళ్లీ మళ్లీ నీళ్లు పోసి మూడు వాయిలు కాస్తారు: అబోల్, తోనా, బరకా. బరకా అంటే దీవెన. అది తాగకుండా లేచిపోవడం బాగుండదు. మొత్తం గంట, గంటన్నర. వీధిలో ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరింట్లో పెళ్లి, ఎవరు ఊరొదిలి వెళ్లారు, అన్నీ ఆ గంటలోనే తెలుస్తాయి.

ఇది ఎక్కువగా మధ్యాహ్నం, సాయంత్రం జరిగేది. పన్నెండు తర్వాత కాఫీ వద్దని చెప్పి, ఆయన్ని ఆ ఊళ్లో మనుషులు కూర్చునే చోటు నుంచి నేనే లేపేశాను. పిలిచిన ప్రతిసారీ "డాక్టర్ వద్దన్నారు" అని చెప్పి ఇంటికి వెళ్లిపోయారు. నాలుగోసారి నుంచి ఎవరూ పిలవలేదు. పక్కింటివాళ్లు పేరంటానికి పిలిచినప్పుడల్లా వెళ్లని మనిషిని మన వీధిలోనైనా ఎన్నిసార్లు పిలుస్తారు? ఈ సంగతి ఆయనకి తెలుసు. మరి నాతో ఎందుకు అనలేదు? కౌన్సెలర్ చెప్పింది కదా అని ఊరుకున్నారు. సలహా ఇచ్చేముందు "ఇది మానేస్తే అక్కడ ఇంకేం పోతుంది?" అని నేను ఒక్క ముక్క అడిగి ఉండాల్సింది.

రెండో ప్రయత్నం: కొత్తవాళ్లకి పెద్దదిక్కు

ఒకప్పుడు ఆ క్యాంపస్‌లో ముప్పై మందికి పైగా తెలుగువాళ్లు ఉండేవారట. ఉగాది, సంక్రాంతి కలిసి చేసుకునేవారు. ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ పంచుకునేవారు. ఇప్పుడు నలుగురు, అందరూ చిన్నవాళ్లు, మొదటిసారి వచ్చినవాళ్లు. వాళ్లకి ఈయన అనుభవం పనికొస్తుంది, ఈయనకి తోడు దొరుకుతుంది అనుకున్నాను. వారానికోసారి వాళ్లతో కలిసి భోజనం చేయండి, ఊరు చూపించండి అన్నాను.

మూడు వారాలు చేశారు. ఆ మూడు వారాల్లో ఆయన చెప్పినవి దాదాపు అన్నీ తప్పయ్యాయి. టెఫ్ పిండి ధర చెప్పారు, అది ఎప్పటి ధరో. ఫలానా చోట మంచి దర్జీ ఉన్నాడని తీసుకెళ్లారు, అక్కడ నాలుగంతస్తుల భవనం లేచింది. బజాజ్ అతనికి ఇవ్వడానికి నోట్లు తీస్తే, పక్కనున్న కుర్రాడు ఫోన్‌తో టెలెబిర్‌లో కట్టేశాడు. (అక్కడ మన ఆటోని బజాజ్ అనే అంటారు. మొదటిసారి వెళ్లిన రోజున ఆ పేరు విని ఎంత సంతోషించారో చెప్పారు.) టెలెబిర్ వచ్చింది 2021లో, అప్పటికి ఈయన ఇక్కడున్నారు. నాలుగో ఆదివారం ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్లలేదు.

ఇది ఎందుకు చెడిందో రెండు రోజులు ఆలోచించాను. ఆయనకి జరిగిన దెబ్బలన్నీ ఒకే చోట తగులుతున్నాయి. గంటల లెక్క తప్పినప్పుడు బాధ పెట్టింది మీటింగ్ పోవడం కాదు, తెలిసినవాడై ఉండి తప్పడం. నేనేమో మళ్లీ ఆయన్ని తెలిసినవాడి పీట మీదే కూర్చోబెట్టాను, పైగా నలుగురి ముందు. కొత్తవాడికైతే తప్పులు చేసే హక్కు ఉంటుంది. అడగొచ్చు, తడబడొచ్చు, నవ్వేసుకోవచ్చు. తిరిగి వెళ్లినవాడికి ఆ వెసులుబాటు ఎవరూ ఇవ్వరు, తనూ ఇచ్చుకోడు.

భార్య చెప్పిన మాట

నాలుగో సెషన్ తర్వాత, ఆయన ఒప్పుకున్నాక, ఆయన భార్యతో ఒకసారి మాట్లాడాను. నేను తోడు లేకపోవడం గురించి అడుగుతుంటే ఆవిడ వేరే దారి చూపించారు. "అక్కడికి వెళ్లాక రోజూ ఇక్కడి కబుర్లే అడుగుతున్నారండీ. ఇక్కడున్న ఏడేళ్లూ అక్కడి కబుర్లే. హాల్లో షోకేసులో జెబెనా పెట్టుకున్నారు. కాలేజీలో ఎవరేమన్నా ఇంటికొచ్చి దాని దుమ్ము తుడిచేవారు. మా ఊళ్లో అయితే ఇలా కాదు అనేవారు. మా ఊరంటే ఆ ఊరు."

ఈ మాటతో కేసు నాకు వేరేగా కనిపించింది. ఇక్కడ అవమానం ఎదురైన ప్రతిసారీ ఆయన ఆ ఊరిలోకి వెళ్లి తలదాచుకున్నారు. ఏడేళ్లు అలా వాడుకున్న జ్ఞాపకంలో బురద రోడ్లు, కరెంటు కోతలు, ఆఫీసు గొడవలు మెల్లగా పోయాయి. మర్యాద, చల్లగాలి, లేచి నిలబడే పిల్లలు మిగిలారు. ఇప్పుడు నిజం ఊరు ఎదురుగా నిలబడి ఆ జ్ఞాపకాన్ని రోజుకింత చెరిపేస్తోంది. ఇక్కడి కష్టానికి అక్కడ ఆసరా ఉండేది. అక్కడి కష్టానికి ఎక్కడా ఆసరా లేదు. అప్పటిదాకా "ఇంటి నుంచి ఏం దూరమైంది?" అని అడుగుతున్న నేను, ఐదో సెషన్‌లో "ఆ ఊళ్లో అప్పుడున్నదేది ఇప్పుడు లేదు?" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడారు. తోటి తెలుగువాళ్లు, దర్జీ, నడిచే దారిలో యూకలిప్టస్ చెట్లు. మాటల మధ్య, మామూలుగా చెబుతున్నట్టే, "గాషే కూడా పోయారు కదా" అని ముందుకి వెళ్లిపోయారు. నేను ఆపి అడిగాను.

గాషే అంటే అక్కడ వయసులో పెద్దవాళ్లని గౌరవంగా పిలిచే మాట, మన అన్నగారు, బాబాయిగారు లాగా. ఈ గాషే ల్యాబ్‌లో పనిచేసే పెద్దాయన. మాస్టారికి భాష నేర్పింది ఆయన, ఇల్లు చూపించింది ఆయన, పాపకి జ్వరం వస్తే రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆయన. భోజనానికి కూర్చుంటే మొదటి ముద్ద తన చేత్తో మాస్టారి నోట్లో పెట్టేవారు. ఆ ముద్దని గుర్షా అంటారు. 2021లో కోవిడ్‌తో పోయారు. మాస్టారికి వాట్సాప్‌లో తెలిసింది. ఒక ముక్క సంతాపం టైప్ చేశారు.

తిరిగి వెళ్లి నాలుగు నెలలైనా ఆ ఇంటికి వెళ్లలేదు. ఆ వీధి తప్పించుకుని చుట్టూ తిరిగి క్యాంపస్‌కి వెళ్తున్నారు. ఎందుకని అడిగితే చాలాసేపటికి చెప్పారు. గాషే పెద్దకొడుకు మన దగ్గర చదవాలనుకున్నాడు. ఇథియోపియా విద్యార్థులు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు కాబట్టి అది జరగని పని కాదు. వివరాలు కనుక్కుని చెప్పమని గాషే రెండుసార్లు మెసేజ్ పెట్టారు. మాస్టారికి అప్పుడు ఐదు నెలలుగా జీతం లేదు. ఇక్కడ తన పరిస్థితి చెప్పుకోవడానికి మొహం చెల్లక జవాబివ్వడం వాయిదా వేశారు. గాషే పోయిన కబురు దాని తర్వాతే వచ్చింది.

ఏం పనిచేసింది

ఇక్కడ నా ముందు రెండు దారులున్నాయి. అపరాధ భావం మీద మాటల్లో కొన్ని సెషన్లు పనిచేయడం ఒకటి. గాషేకి ఉత్తరం రాయించడం లాంటివి నేను మామూలుగా చేయిస్తాను. రెండోది, ఆ ఇంటికి వెళ్లమనడం. మామూలుగా అయితే మొదటిదే ఎంచుకునేదాన్ని. కానీ కాఫీ విషయంలో నేర్చుకున్నది గుర్తుంది. దుఃఖానికి ఆ ఊళ్లో ఒక పద్ధతి ఇప్పటికే ఉన్నప్పుడు, నేను గదిలో కూర్చుని ఇంకోటి ఎందుకు కల్పించాలి? "ఇలాంటప్పుడు అక్కడ ఏం చేస్తారు?" అని అడిగాను.

చావు ఇంటికి వెళ్లి కూర్చోవడాన్ని వాళ్లు లెక్సో అంటారు. ఊళ్లో లేనివాడు ఎన్నాళ్లకి వచ్చినా వెళ్లి కూర్చోవాల్సిందే. మనకీ పరామర్శ ఉంది, ఆలస్యమైనా వెళ్తాం. మాస్టారికి ఇవన్నీ తెలుసు. కానీ మూడేళ్ల తర్వాత వెళ్లొచ్చా, ఒక్కరే వెళ్లొచ్చా, చేతిలో ఏం పట్టుకెళ్లాలి అన్నది తెలీదు. నేను చెప్పలేను. డిపార్ట్‌మెంట్‌లో ఒక స్థానిక సహోద్యోగిని అడగమన్నాను. అడగడమే ఇక్కడ సగం చికిత్స అని నా ఆలోచన. నాలుగు నెలల్లో ఆయన ఎవరినీ ఏదీ అడగలేదు. ఆ సహోద్యోగి "మీరు వెళ్లలేదా? నేను వస్తాను" అన్నాడట.

మార్చిలో పెద్ద ఉపవాసాల రోజుల్లో ఒక ఆదివారం ఇద్దరూ వెళ్లారు. కాఫీ గింజలు, చక్కెర పట్టుకెళ్లారు. "నెఫ్స్ యిమర్" అనాలని, అంటే ఆత్మని దేవుడు కరుణించుగాక అని, దారిలో పదిసార్లు అనుకుంటూ వెళ్లారట. తలుపు తీసిన గాషే భార్య ఈయన్ని చూసి, "చాలా ఆలస్యం చేశారు" అని ఒక్క మాట అని ఏడ్చారు. ఈయనా ఏడ్చారు. తర్వాత ఆవిడ గింజలు వేయించడం మొదలుపెట్టారు.

కాఫీ సంగతి మేం ముందే మాట్లాడుకున్నాం. నిద్ర సమస్య ఉంది కాబట్టి మొదటి రెండు వాయిలు నాలుగు చుక్కలు పోయమని అడగాలి, పలచగా ఉండే బరకా మాత్రం నిండా తాగాలి. ఇది ఆయన ఆలోచనే, నాది కాదు. అక్కడి నుంచి ఎవరు పిలిచినా వెళ్లడం, ఇలాగే తాగడం అలవాటు చేసుకున్నారు. సాయంత్రం కాఫీ తగ్గింది, కూర్చోవడం పెరిగింది.

పెద్దకొడుకు ఇంట్లో లేడు. అడిస్ అబాబాలో ఉద్యోగం చేస్తున్నాడు. మాస్టారు తర్వాత ఫోన్ చేసి జవాబివ్వనందుకు క్షమించమన్నారు. అతను మర్యాదగా విన్నాడు, "ఇషీ" అన్నాడు, అంటే సరే అని. ఫోన్ పెట్టేశాడు. అది అక్కడితో తీరలేదు. మాస్టారు మళ్లీ చేస్తానంటే వద్దన్నాను. అతను కావాలనుకుంటే చేస్తాడు, తలుపు తెరిచి ఉంచితే చాలని చెప్పాను. నేను చూసినంతవరకు అతను చేయలేదు.

మిగిలినది క్లాసు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. "వీళ్లు మునుపటి పిల్లలు కారు" అని మాస్టారు కోపంగా అనేవారు. నిజానికి ఆ మాట కోపం తీసేసి చూస్తే సరైనదే. 2020 మార్చిలో కోవిడ్‌తో బళ్లు మూతపడ్డాయి. అదే ఏడాది నవంబరులో ఉత్తరాన టిగ్రాయ్ ప్రాంతంలో యుద్ధం మొదలై 2022 నవంబరు దాకా నడిచింది. 2022లో పన్నెండో తరగతి జాతీయ పరీక్ష, కాపీలు ఆపడానికి, విశ్వవిద్యాలయాల్లోనే పెట్టారు. సగం మార్కులు తెచ్చుకున్నవాళ్లు సుమారు మూడు శాతమే. దాంతో తక్కువ మార్కులు వచ్చినవాళ్లలో కొందరిని తీసుకుని, కొన్ని నెలలు రెమిడియల్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 2023 నుంచి డిగ్రీ పూర్తి చేయాలంటే జాతీయ ఎగ్జిట్ పరీక్ష కూడా రాయాలి. మాస్టారు 2016లో మూసిన నోట్సు పుస్తకాలనే సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లారు. ఆ నోట్సు ఎవరి కోసం రాశారో ఆ పిల్లలు ఇప్పుడు ఆ క్లాసులో లేరు.

ముందు ఆ అబ్బాయి సంగతి తేలాలి. అందరి ముందూ అవమానించాను కాబట్టి అందరి ముందే క్షమాపణ చెబుతానన్నారు మాస్టారు. న్యాయంగానే వినిపించింది. కానీ అలా చేస్తే ఆ అబ్బాయి మళ్లీ అందరి కళ్లలో పడతాడు, ఇంటి సంగతి మళ్లీ బయటికొస్తుంది. కాబట్టి ముందు విడిగా క్షమాపణ చెప్పి, క్లాసులో చెప్పాలా వద్దా అన్నది అతన్నే అడగమన్నాను. క్లాసులో వద్దన్నాడట. వెళ్తూ వెళ్తూ మాస్టారితోనే ఒక మాట అన్నాడు. ఐజోహ్ అని ఉంది వాళ్లకి. తూలి పడబోయేవాడికి, ఏడ్చేవాడికి, పరీక్షకి వెళ్లేవాడికి చెప్పే మాట. ఫర్వాలేదు, ధైర్యంగా ఉండు అని. పెద్దవాళ్లకి చెప్పే మర్యాద రూపంలో దాన్ని మాస్టారికి చెప్పాడు. ఇది చెబుతున్నప్పుడు మాస్టారు కెమెరా ఆపేశారు.

తర్వాత క్లాసుకి ఒక చిన్న పరీక్ష పెట్టారు. ఇరవై నిమిషాలు, పది లెక్కలు, ఎనిమిదో తరగతి నుంచి పన్నెండు దాకా మెట్లు మెట్లుగా. పేర్లు రాయొద్దన్నారు. ఎవరికి ఎంత వచ్చిందో తెలియనక్కర్లేదు, క్లాసు మొత్తం ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే చాలు. సగం మందికి పైగా భిన్నాలున్న సమీకరణం దగ్గరే ఆగారు. మాస్టారు పాత నోట్సు పక్కన పెట్టి, మొదటి మూడు వారాల పాఠాలు ఆ మెట్టు నుంచి రాసుకున్నారు. యాభై దాటాక నోట్సు కొత్తగా రాయడం కష్టమే అన్నారు. కానీ ఆ రోజుల్లోనే నిద్ర ఆరు గంటలకి చేరింది.

వీటితో పాటు ఒక చిన్న అలవాటు పెట్టాను. తనకి తెలుసనుకున్న విషయం ఒకటి, రోజుకోసారి, స్థానికుల్ని అడగాలి. టెలెబిర్ ఎలా పనిచేస్తుంది, ఈ దారి ఎప్పుడు వేశారు, ఈ మాటని ఇప్పటి పిల్లలు ఎలా అంటున్నారు. అడిగింది, తెలిసింది ఒక పుస్తకంలో రాసుకోవాలి. అమ్హారిక్ నేర్చుకునే యాప్ ఏదైనా పెట్టుకుంటానన్నారు గానీ, అందులో మార్కులు ఉంటాయి, మళ్లీ పరీక్షలో తప్పినట్టు ఉంటుందని వద్దన్నాను. తెలుగు కుర్రాళ్లతో ఆదివారం భోజనాలు కూడా మళ్లీ మొదలయ్యాయి. ఈసారి ఊరు చూపించేది వాళ్లు.

తొమ్మిది సెషన్లు, జనవరి నుంచి జూన్ దాకా. చివరిలో పీహెచ్‌క్యూ 5. బీపీ మందు కొనసాగుతోంది. కోపం పూర్తిగా పోలేదు, ఆఫీసు కాగితాలు ఆలస్యమైనప్పుడు వస్తుంది. ఒంటరితనం ఉంది, భార్య అక్కడికి వెళ్లేదాకా ఉంటుంది కూడా.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

తిరిగి వెళ్తున్నవాళ్లు ఎవరైనా వస్తే, "మీకు తెలిసిన చోటే కదా" అని నేను అనడం మానేశాను. వాళ్లే అంటే, ఏ సంవత్సరం దాకా తెలుసో అడుగుతాను. ఆ సంవత్సరం తర్వాత ఆ దేశంలో ఏం జరిగిందో నేనూ చదువుతాను. మాస్టారి విషయంలో మొదటి సెషన్‌కి ముందే ఆ గంట కేటాయించి ఉంటే, "మునుపటి పిల్లలు కారు" అన్న మాటని కోపంగా కాకుండా సమాచారంగా వినేదాన్ని.

ఇక్కడికి వచ్చిన తర్వాత ఏళ్లు ఎలా గడిచాయో కూడా వివరంగా అడుగుతున్నాను. ఇక్కడ మర్యాద దక్కనివాళ్లు అక్కడి జ్ఞాపకం మీద ఎక్కువ బరువు పెడతారు. అలాంటివాళ్లకి వెళ్లేముందే ఒక పని ఇస్తున్నాను. ఆ ఊళ్లో వాళ్లకి నచ్చనివి పది రాయాలి. మొదట్లో మూడు కూడా గుర్తుకు రావు. ఇంట్లోవాళ్లని అడిగితే వస్తాయి.

ఇటీవల గల్ఫ్‌లో పాత బడికే మళ్లీ వెళ్తున్న ఒక టీచరమ్మ వచ్చారు. మొదటి గంటలోనే అడిగాను, అక్కడ మీరు వెళ్లి పలకరించాల్సిన ఇళ్లు ఏమైనా ఉన్నాయా, జవాబు ఇవ్వని మెసేజ్‌లు ఉన్నాయా అని. ఆవిడ కాసేపు ఆలోచించి, ఫోన్ తీసి, పాత చాట్‌లు వెతకడం మొదలుపెట్టారు.